గడపదాక వచ్చి మరలిపోవు ఉత్తరములు

సొంతముగా ఒక డొమైను పేరు కొనుక్కొని, నెలకింతయని అద్దె చెల్లించి ఏదో యొక డేటా సెంటరులో చిన్న సర్వరు నొకదానిని నిలుపుకొని, తన ఉత్తరప్రత్యుత్తరములను తానే నడుపుకొనువారికి కలుగు చిక్కులలో మిక్కిలి విచిత్రమైనది యొకటి కలదు. తక్కిన జాబులన్నియు యథాప్రకారము వచ్చుచుండగానే, వారు సభ్యులుగానున్న మెయిలింగ్ లిస్టు ఉత్తరములు మాత్రము ఒకనాటినుండి రాక మానును. బ్యాంకు జాబు వచ్చును, కరెంటు బిల్లు వచ్చును, దూరదేశముననున్న మేనల్లుడు పంపిన ఫోటోలును వచ్చును. ఏండ్లతరబడి దినమునకు పదియో యిరువదియో జాబులతో కళకళలాడుచుండిన చర్చ మాత్రము ఏ హెచ్చరికయు లేకుండ సద్దుమణగిపోవును. ఎవరో యొక మిత్రుడు ఫోను చేసి "మొన్నటి చర్చ చూచితిరా?" అని యడుగువరకును, సభ్యులందరు ఏదో పనులలో నుండి వ్రాయుట మానిరని తలచుటయే గాని, వారు వ్రాసినవన్నియు తన గడపదాక వచ్చి తన సర్వరుచేతనే వెనుకకు పంపబడుచున్నవని ఆ గృహస్థునకు తోచుట యరుదు.

మెయిలింగ్ లిస్టనగా, ఒక్క చిరునామాకు వ్రాసిన జాబు సభ్యులందరికిని తానుగా చేరునట్టి ఏర్పాటు. 1986లో ఎరిక్ థామస్ లిస్ట్‌సెర్వ్ అను సాఫ్ట్‌వేరును నిర్మించిన నాటినుండి పండితులు, ప్రోగ్రామర్లు, వైద్యులు, సంగీతాభిమానులు ఈ యేర్పాటుతోనే గోష్ఠులు నడుపుకొనిరి. లినక్సు కెర్నెలు నిర్మాణము నేటికిని ప్రధానముగా మెయిలింగ్ లిస్టుల మీదనే సాగుచున్నది. దేశదేశములయందు చెదరియున్న తెలుగు సాహిత్యాభిమానులకు యాహూ గ్రూపులలోని రచ్చబండ వంటివి ఒకప్పుడు నిజముగానే ఊరి నడుమ అరుగులుగా నుండినవి. 2020 డిసెంబరు 15వ తేదీన యాహూ సంస్థ ఆ గ్రూపుల నన్నిటిని మూసివేసినది. ఆ పాత జాబులు తమ సొంత పెట్టెలలో భద్రముగా నుంచుకొన్నవారికే అవి మిగిలినవి. కావున ఇట్టి ఉత్తరములు ఒక్కొక్కటే మన గడప దగ్గర రాలిపోవుట చిన్న నష్టముగా భావింపరాదు.

ఈ చిక్కునకు మూలము ఈమెయిలు పుట్టుకలోనే యున్నది. జాన్ పోస్టెల్ 1982 ఆగస్టులో ఆర్‌ఎఫ్‌సీ 821 అను పత్రముగా, ఈమెయిలు రవాణాకు ఎస్‌ఎంటీపీ అను నియమావళిని ప్రకటించునాటికి, నెట్‌వర్కు విశ్వవిద్యాలయములకును పరిశోధనశాలలకును మాత్రమే పరిచితమైన వస్తువు. "నేను ఫలానావాడను" అని పంపువాడు చెప్పుకొన్నచో ఆ మాటను పరీక్షించు విధానమేదియు ఆ నియమావళిలో లేదు. ఆనాడు అది యవసరమని ఎవరును తలంపలేదు. నిజమునకు 1978 మే నెలలోనే, డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ ఉద్యోగియగు గ్యారీ థ్యూర్క్ తన కంపెనీ కంప్యూటర్ల ప్రదర్శనకు రండని ఆర్పానెట్‌లోని సుమారు 400 మందికి ఒకే మారు జాబు పంపి చీవాట్లు తిని యుండెను. తరువాతి దశాబ్దములలో ఆ యొక్క జాబు కోట్లకొలది స్పామ్ జాబులుగా పెరిగి, ప్రతి సర్వరు ముందును కావలి పెట్టక తప్పని పరిస్థితి తెచ్చినది. నమ్మకము పునాదిగా కట్టిన యింటికి తరువాత తలుపులు, గడియలు, తాళములు ఒక్కొక్కటిగా అమర్చబడినవి. ఆ తాళములలో ఏది మన మిత్రులను బయట నిలిపినదో కనుగొనుటయే ఇచ్చటి పని.

లిస్టు సర్వరు మన సర్వరు యొక్క 25వ పోర్టుకు వచ్చి మొదట తన పేరు చెప్పును. పిమ్మట ఎవరి పక్షమున వచ్చినదో చెప్పును. ఆపై ఎవరికి ఇయ్యవలెనో చెప్పును. అటుతరువాతనే జాబును ముందుంచును. ప్రతి మాటకును మన సర్వరు మూడంకెల సంఖ్యతో ప్రత్యుత్తర మిచ్చును. ఆ సంఖ్యలో మొదటి అంకె 2 ఐనచో సమ్మతి. 4 ఐనచో "ఇప్పుడు కాదు, మరల రమ్ము" అనుట. 5 ఐనచో ఇక రావలదనుట. ఇందు ముఖ్యముగా గ్రహింపవలసినదేమనగా, ఈ నిరాకరణము చాలసార్లు జాబు లోనికి రాకమునుపే జరిగిపోవును. కావున స్పామ్ ఫోల్డరులో ఎంత వెదకినను అది కనబడదు. మన యొద్ద దాని ప్రతి యేదియు నుండదు. మిగులునది, సర్వరు తన పనులను నమోదు చేసికొను లాగు ఫైలులోని ఒక్క పంక్తి మాత్రమే.

ఆ పంక్తిని తీరికగా చదువుట నేర్చినవానికి సగము పని ముగిసినట్లే. వీట్సె వెనెమా రచించి 1998లో ఐబీఎం సంస్థ ద్వారా వెలువరించిన పోస్ట్‌ఫిక్స్ అను సాఫ్ట్‌వేరే ఇంటి సర్వరులలో విరివిగా వాడబడుచున్నది గనుక దానినే ఉదాహరణముగా గైకొందము. తేదీతోను, గంట నిమిషములతోను ఆ పంక్తి మొదలగును. తరువాత నోక్యూ, రిజెక్ట్ అను రెండు మాటలు. పిమ్మట వచ్చిన సర్వరు పేరు, దాని ప్రక్కనే చదరపు బ్రాకెట్లలో ఐపీ అడ్రసు. ఆ వెంటనే 554 5.7.1 వంటి సంఖ్యలు. తరువాత నిరాకరణమునకు కారణమైన నియమము. చివర పంపినవారి చిరునామా, అందుకొనవలసినవారి చిరునామా. వచ్చినదెవరో, ఎందుకు పొమ్మంటిమో, ఏ క్షణమున పొమ్మంటిమో అన్నియు ఆ యొక్క పంక్తిలోనే యున్నవి. ఐనను ఆ సాక్ష్యము చిరకాలము నిలువదు. డెబియన్ వంటి లినక్సులలో సామాన్యముగా వారమున కొకమారు ఈ ఫైలు మార్చబడి, నాలుగు వారములు గడచినది చెరిపివేయబడును. కావున అనుమానము తోచిననాడే లాగు తెరచి, లిస్టు సర్వరు పేరుతో వెదకి, దొరికిన పంక్తులను వేరొకచోట వ్రాసియుంచుకొనవలెను.

వెదకుటకు ముందు తనను తాను ఒక ప్రశ్న వేసికొనుట మేలు: లిస్టు ఉత్తరములన్నియు ఆగినవా, లేక కొందరు సభ్యులు వ్రాసినవి మాత్రమే రాకున్నవా? అన్నియు ఆగినచో, లిస్టు నడుపు యంత్రమునకును మన కావలికిని పొసగలేదన్నమాట. జవాబులు వచ్చుచుండి మూలమైన జాబు రానిచో, అనగా ఎవరో యొకరు ఇంకొకరి మాటను ఉటంకించి ఖండించుచుండగా ఆ మొదటి మాట మన కెన్నడును అందనిచో, లోపము యంత్రముది కాదు, ఆ వ్రాసినవారి డొమైనుకు సంబంధించినది. ఈ రెంటికిని కారణములు వేరు, చికిత్సలును వేరు.

మొదటి తెగలో ప్రధానమైనవి బ్లాక్‌లిస్టులు. స్పామ్ పంపు యంత్రముల ఐపీ అడ్రసులను కూర్చి, ఎవరడిగినను, డొమైను పేర్లకు అడ్రసులు చెప్పు డీఎన్‌ఎస్ ద్వారా బదులు చెప్పు ఇట్టి జాబితాలలో 1998లో ఆరంభమైన స్పామ్‌హాస్ సంస్థ జాబితాలు సుప్రసిద్ధములు. వచ్చిన అడ్రసు జాబితాలో నున్నచో 127తో మొదలగు నొక సంఖ్య బదులుగా వచ్చును. లేనిచో ఏమియు రాదు. లిస్టు సర్వరు స్వయముగా ఏ దోషమును చేయకపోయినను, అదే కంపెనీవద్ద ప్రక్కప్రక్కనే అద్దెకున్న మరియొక యంత్రము చేసిన పాపమునకు ఆ వాడ మొత్తము జాబితాలోనికి ఎక్కుట కలదు. ఇంతకంటె వింతయైనది అడిగిన విధానములోని లోపము. గూగుల్, క్లౌడ్‌ఫ్లేర్ వంటి సంస్థల ఉచిత డీఎన్‌ఎస్ ద్వారా మన సర్వరు ప్రశ్న పంపినచో, స్పామ్‌హాస్ దానికి సరియైన బదులీయక 127.255.255.254 అను సంకేతమును పంపును. "నీవడిగిన మార్గము సమ్మతము కాదు" అని దాని భావము. కాని 127తో మొదలగు ప్రతి సంఖ్యను నేరముగానే లెక్కించునట్లు అమర్చబడిన సర్వరు, దానిని చూచి వచ్చినవారినెల్ల స్పామర్లుగా నెంచి వెడలగొట్టును. సర్వరులోనే అన్‌బౌండ్ వంటి సొంత రిజాల్వరును నడుపుకొనుటయు, ఏ యే సంఖ్యలకు మాత్రమే నిరాకరింపవలెనో పోస్ట్‌ఫిక్స్ నియమములో స్పష్టముగా వ్రాయుటయు దీనికి విరుగుడు.

చనిపోయిన జాబితాలు మరింత ప్రమాదకరములు. ఓఆర్‌డీబీ అను జాబితా 2006 డిసెంబరులో మూతపడినది. ఐనను ఎన్నో సర్వరులు దానిని అడుగుట మానలేదు. 2008 మార్చిలో అది ప్రతి ప్రశ్నకును "ఔను, జాబితాలో నున్నది" అని బదులు చెప్ప నారంభించెను. ఆ దినమున, తాము ఎప్పుడో వ్రాసి మరచిన ఒక్క పంక్తి మూలమున, లోకమంతటను ఎందరో తమకు వచ్చు సమస్త ఈమెయిలును తామే త్రోసివేసికొనిరి. సార్బ్స్ అను మరియొక పాత జాబితా 2024లో మూతపడినది. సర్వరు కాన్ఫిగరేషనులో ఇట్టి పేర్లు ఏమేమి యున్నవో ఏడాదికొకమారైనను చూచుకొనవలెను.

రివర్స్ డీఎన్‌ఎస్ మాట కొలదిగా చెప్పిన చాలును. వచ్చిన ఐపీ అడ్రసునకు ఒక పేరుండవలెననియు, ఆ పేరును తిరిగి అడిగినచో అదే అడ్రసు రావలెననియు కొందరు కఠినమైన నియమము పెట్టుదురు. ఐపీవీ4లో సక్రమముగా నున్న లిస్టు సర్వరు, కొత్తగా ఐపీవీ6 అమర్చినప్పుడు అక్కడ పేరు పెట్టుట మరచినచో, ఆనాటినుండి దాని జాబులు మన వాకిట 450 అను సంఖ్యతో నిలిచిపోవును. పేరుండిన చాలునను తేలికపాటి నియమమునే వాడుట ఇంటి సర్వరునకు క్షేమము.

గ్రేలిస్టింగ్ సంగతి వేరు. 2003లో ఎవన్ హ్యారిస్ ప్రతిపాదించిన ఈ యుపాయమున, వచ్చిన యంత్రము, పంపినవారు, అందుకొనువారు అను మూటి కలయిక మునుపెన్నడును చూడనిదైనచో, మొదటిసారి "మరల రమ్ము" అని పంపివేయుదురు. నిజమైన సర్వరు కొంతసేపటికి తిరిగివచ్చును. స్పామ్ పంపునది తిరిగిరాదు. ఉపాయము చక్కనిదే. కాని కొన్ని లిస్టు సాఫ్ట్‌వేర్లు, తిరిగివచ్చినది ఏ జాబో గుర్తించుటకై, పంపినవారి చిరునామాలో ప్రతి జాబునకు ఒక్కొక్క సంఖ్య చేర్చును. పెద్ద సంస్థలు ఒక్కొక్కసారి ఒక్కొక్క యంత్రమునుండి ప్రయత్నించును. అప్పుడు ప్రతి జాబును కొత్తముఖముగానే కనబడి, ప్రతిసారియు ఆలస్యమగుచు, ఉదయమున వ్రాసిన ప్రశ్న సాయంకాలమున వచ్చిన జవాబునకు తరువాత చేరుచుండును.

ఇక రెండవ తెగకు వత్తము. అసలు కష్టమంతయు నిచ్చటనే యున్నది. ఈమెయిలునకు రెండు "పంపినవారి" చిరునామా లుండునని మనలో చాలమంది యెరుగరు. తపాలా కవరు వెనుక ఒక చిరునామా, లోని కాగితము మీద సంతకము చేసినవారి పేరు వేరువేరుగా నుండవచ్చినట్లే, సర్వరులు తమలో తాము చెప్పుకొను చిరునామా ఒకటి, మన కంటికి "ఫ్రమ్" అని కనబడునది మరియొకటి. 2006లో వెలువడిన ఎస్‌పీఎఫ్ విధానము మొదటిదానిని మాత్రమే చూచును. ఆ డొమైను పేరిట జాబులు పంపుటకు ఏ యంత్రములకు హక్కు కలదో డీఎన్‌ఎస్‌లో ప్రకటించుట దాని పద్ధతి. 2007లో వెలువడిన డీకిమ్ విధానము జాబుయొక్క మాటలకే డిజిటల్ సంతకము చేయును. దారిలో ఒక్క అక్షరము మారినను ఆ సంతకము చెల్లదు. 2012లో ప్రకటింపబడి 2015లో ఆర్‌ఎఫ్‌సీ 7489గా నమోదైన డీమార్క్ విధానము ఈ రెంటిని కలిపి, కంటికి కనబడు "ఫ్రమ్" డొమైనునకు ఈ రెంటిలో ఒక్కటియైనను సాక్ష్యమీయవలెననియు, ఈయనిచో ఏమి చేయవలెనో ఆ డొమైను యజమాని ముందుగానే ప్రకటింపవచ్చుననియు నిర్ణయించినది. ఊరకుండుడు, వేరుగా నుంచుడు, తిరస్కరింపుడు అని యజమాని చెప్పదగిన మాటలు మూడు.

బ్యాంకుల పేరిట వచ్చు మోసపు జాబులను పట్టుటకు ఇంతకంటె మంచి సాధనము లేదు. కాని మెయిలింగ్ లిస్టు చేయుపని యెట్టిదో చూడుడు. తిరిగివచ్చిన జాబులు తనకే చేరుటకై అది కవరు మీది చిరునామా మార్చి తన పేరు వ్రాయును. అందుచే ఎస్‌పీఎఫ్ సాక్ష్యము లిస్టుకే గాని వ్రాసినవారికి చెల్లదు. సబ్జెక్టు మొదట బ్రాకెట్లలో లిస్టు పేరు చేర్చును, జాబు చివర "సభ్యత్వము మానుటకు ఇచ్చట నొక్కుడు" అని రెండు పంక్తులు అతికించును. అందుచే డీకిమ్ సంతకము చెడును. ఫ్రమ్ మాత్రము వ్రాసినవారి పేరనే యుండును. నిజముగా వారు వ్రాసినదే, నిజముగా వారు పంపినదే. ఐనను మన సర్వరు దృష్టిలో ఆ పేరునకు సాక్షి యొక్కడును లేడు.

2014 ఏప్రిల్‌లో ఈ చిక్కు లోకమునకంతటికి ఒక్కసారిగా తెలియవచ్చినది. తన వినియోగదారుల పేర్లతో వచ్చు మోసపు జాబుల వెల్లువకు తాళలేక యాహూ సంస్థ "తిరస్కరింపుడు" అను మాటను ప్రకటించెను; అదే నెలలో ఏఓఎల్ దాని ననుసరించెను. ఆనాటినుండి యాహూ చిరునామా గల సభ్యు డొకడు లిస్టుకు జాబు వ్రాసినచో, ఆ మాటను మన్నించు సర్వరులన్నియు దానిని త్రోసివేసినవి. ఆ త్రోసివేతలు వ్రాసినవాని ఖాతాలో గాక అందుకొనవలసిన నిరపరాధుల ఖాతాలో పడి, వారి సభ్యత్వములు రద్దయినవి. మెయిల్‌మన్ అను లిస్టు సాఫ్ట్‌వేరు కర్తలు "ఫలానావారు, ఫలానా లిస్టు ద్వారా" అని ఫ్రమ్ చిరునామాను మార్చు సదుపాయమును చేర్చిరి. ఇంటర్నెట్టు ప్రమాణములను రచించు ఐఈటీఎఫ్ సైతము తన లిస్టులలో ఇట్టి మార్పు చేసికొనవలసివచ్చెను. లినక్సు కెర్నెలు లిస్టులవారు సబ్జెక్టును గాని జాబును గాని తాకకుండ పంపుదురు; డీకిమ్ సంతకము చెడదు. లిస్టు నడుపువారందరికిని ఇదియే ఆదర్శముగా నుండదగినదని నా యభిప్రాయము. 2019లో ఏఆర్‌సీ అను విధానము, ఆర్‌ఎఫ్‌సీ 8617గా, "ఈ జాబు నా యొద్దకు వచ్చినప్పుడు సంతకము సరిగానే యుండెను" అని మధ్యవర్తి సాక్ష్య మిచ్చుటకు వీలు కల్పించినది. కాని ఆ మధ్యవర్తిని నమ్మదగునా లేదా యని నిర్ణయించుకొనవలసిన భారము అందుకొనువానిదే.

ఈ త్రోసివేతలను లిస్టు ఏ విధముగా లెక్కించునో తెలిసినగాని ఆ నిశ్శబ్దమునకు కారణము పూర్తిగా బోధపడదు. మెయిల్‌మన్ సహజమైన అమరికలో, 5తో మొదలగు తిరస్కార మొకటి వచ్చిన దినమునకు సభ్యుని ఖాతాలో ఒక పాయింటు చొప్పున చేరును. అట్టివి 5 కాగానే జాబులు పంపుట నిలిపివేయును. పిమ్మట వారమున కొకటి చొప్పున 3 హెచ్చరికలు పంపి, బదులు లేనిచో పేరు తొలగించును. ఆ హెచ్చరికలును అదే సర్వరునుండి అదే గడపకు వచ్చును గదా! బ్లాక్‌లిస్టు వలననో రివర్స్ డీఎన్‌ఎస్ వలననో అడ్డు కలిగియున్నచో, హెచ్చరిక కూడ ఆ యడ్డుననే ఆగిపోవును. డీమార్క్ వలన కలిగిన చిక్కైనచో, హెచ్చరిక లిస్టు సొంత డొమైను పేరిట వచ్చును గనుక చక్కగా అందును. హెచ్చరిక అందినదా లేదా యనునదియే ఏ తెగ చిక్కో చెప్పగల గట్టి యాధారము. రెండవ తెగయైనచో, చికిత్స దొరకువరకు డైజెస్టు పద్ధతికి మారుట సులువైన యుపాయము. దినపు జాబులన్నియు ఒకే కట్టగా లిస్టు పేరుననే వచ్చును గనుక డీమార్క్ దానికి అడ్డు చెప్పదు.

శాశ్వతమైన చికిత్సకు వచ్చుసరికి, చాలమంది తొందరపడి లిస్టు చిరునామాను వైట్‌లిస్టులో వ్రాసి ఊరకుందురు. ఫ్రమ్ చిరునామా ఎవరైనను వ్రాసికొనగలరు గనుక దానిని నమ్మి తలుపు తీయుట తగదు. లిస్టు సర్వరు ఐపీ అడ్రసునకు మాత్రమే మినహాయింపు ఈయవలెను. పోస్ట్‌ఫిక్స్ తన నియమములను వ్రాసిన వరుసలోనే చదువుచు, మొదట తగిలిన తీర్పుతో ఆ జాబితాను ముగించును. కావున మినహాయింపు బ్లాక్‌లిస్టు నియమమునకు ముందుండవలెను, వెనుక నుండిన వ్యర్థము. కాని అందుకొనువారి నియమావళిలో, పరుల జాబులను మోయరాదను నియమమునకు ముందు "సరే" యని వ్రాయుట పాత పోస్ట్‌ఫిక్స్‌లో మన సర్వరును ఎవరైనను వాడుకొను తెరచిన యింటిగా మార్చగలదు, 2.10 వెర్షనులో ఆ నియమమునకు వేరు జాబితా ఏర్పడినది గనుక అంతకు పాతది నడుపువారు మిక్కిలి జాగ్రత్తగా నుండవలెను. పోస్ట్‌స్క్రీన్ అను ముందరి కావలి యున్నచో, దానికి మినహాయింపు వేరుగా చెప్పవలెను. లోపలి నియమములలో వ్రాసినది దాని చెవికి చేరదు. డీమార్క్ విషయమున నా తీర్పు ఒకటే: ఒక కుటుంబమునకు సరిపడు చిన్న సర్వరు, సాక్ష్యము చాలలేదను ఏకైక కారణమున జాబును త్రోసివేయ నక్కరలేదు. దానిని లోనికి తీసికొని, అనుమానపు గుర్తు వేసి, తక్కిన పరీక్షలతో కలిపి తూచి, అవసరమైన స్పామ్ ఫోల్డరులో నుంచిన చాలును. అక్కడనున్న జాబును మనుష్యుడు చూచి తీసికొనగలడు, త్రోసివేసినదానిని తీసికొనలేడు.

కొత్త నియమ మేదియైనను చేర్చదలచినప్పుడు, పోస్ట్‌ఫిక్స్‌లోని వార్న్ ఇఫ్ రిజెక్ట్ అను మాటను దానికి ముందుంచినచో, ఆ నియమము ఎవరిని త్రోసివేసియుండునో లాగులో వ్రాయునే గాని నిజముగా త్రోసివేయదు. కనీస మొక నెల ఆ విధముగా నడపి, ఆ పేర్లలో మిత్రు లెవరైనను కలరేమో చూచి, పిమ్మటనే తాళము బిగింపవలెను.

లోపము మన యింట గాక లిస్టు నడుపువారి యింట నున్నదని తేలినచో, వారికి తెలుపుటకు దారి కలదు. జాబులందుకొను ప్రతి డొమైనును పోస్ట్‌మాస్టర్ అను చిరునామాను నడపి తీరవలెనని 1982 నాటి ఈమెయిలు ప్రమాణము విధించినది. 2008లో వెలువడిన ఆర్‌ఎఫ్‌సీ 5321 సైతము ఆ విధినే నిలిపినది. ఆ చిరునామాకు లాగు పంక్తిని యథాతథముగా జతచేసి మర్యాదగా వ్రాయవలెను. సొంత సర్వరు నడుపుచున్న పాఠకులు ఈ రాత్రియే వేరొక ఖాతానుండి తమ పోస్ట్‌మాస్టర్ చిరునామాకు ఒక జాబు పంపి, అది చేరుచున్నదో లేదో చూచుకొందురు గాక.